పది రూపాయల స్టాంపుతో ఒక అర్జీ: పర్లాకిమిడిలో నా అనుభవం

నేను పుట్టి పెరిగింది పర్లాకిమిడిలో. ఇప్పుడు ఉంటున్నది నెదర్లాండ్స్‌లో. ఏ దేశంలో ఏ వెబ్‌సైట్లు ఆపేశారు, ఇంటర్నెట్ ఎప్పుడు కట్ చేశారు, ఏ పద్ధతిలో చేశారు అన్నది కొలిచి రికార్డు చేయడం నా ఉద్యోగం. డిజిటల్ హక్కుల పని అంటారు దీన్ని. ఊరికి వచ్చినప్పుడల్లా చుట్టాలు అడుగుతారు, ఇక్కడి పిల్లవు ఈ పనిలోకి ఎలా వెళ్లావని. మొన్న చలికాలంలో ఇంటికి వచ్చినప్పుడు సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెట్టాను. అది ఎలా నడిచిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే ఆ అర్జీ ఎందుకు పెట్టానో తెలియాలంటే చుట్టాల ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి.

పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ నది ఒడ్డునున్న పాతపట్నం మాకు కూతవేటు దూరం, అది ఆంధ్రా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. ఊరు ఒరిస్సాలోకి వెళ్లింది, జమీందారీలో కొంత మద్రాసు వైపే ఉండిపోయింది. ఇక్కడ రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పి, సవర భాషకు నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ మార్పును ఒప్పుకోలేక ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మా వీధిలో పెద్దవాళ్లు ఈ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. నాన్న స్కూలు మాస్టారు. రెండూ బాగా చదువుతారు. అందుకని వీధిలో ఎవరికి ఏ నోటీసు వచ్చినా పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవారు. తహసీల్దారు ఆఫీసు నోటీసు, కరెంటు బకాయి, బ్యాంకు లోను కాగితం, ఏదైనా సరే. నాన్న విషయం చదవడానికి ముందు మూడు సంగతులు చూసేవారు. ఎవరు ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, నంబరు ఏమిటి. "ఆఫీసు వాళ్లు కుదరదన్నారు మాస్టారూ" అని ఎవరైనా అంటే, "నోటితో అంటే చెల్లదు, రాసి ఇమ్మనండి" అనేవారు. రాసి ఇమ్మని అడిగిన తర్వాత చాలా పనులు కుదిరిపోవడం నేను చిన్నప్పుడే చూశాను. నా వృత్తికి మొదటి పాఠం ఆ అరుగు మీదే దొరికిందని నమ్ముతాను.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, 2012 నవంబరులో, మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరు అమ్మాయిలను అరెస్టు చేశారు. బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు జరిగిన బంద్ గురించి ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసింది, ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. వాళ్లు దాదాపు నా వయసు వాళ్లు. హాస్టల్లో మేమందరం ఆ రాత్రి మా పాత పోస్టులు వెతుక్కుని తీసేశాం. ఎవరూ చెప్పలేదు, మాకు మేమే తీసేశాం. భయం ఎంత త్వరగా పని చేస్తుందో నాకు అప్పుడు తెలిసింది. ఆన్‌లైన్‌లో రాసిన మాటలకు ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ కింద అప్పట్లో మూడేళ్ల వరకు జైలు వేయగలిగేవారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ ధర్మాసనంలో ఇద్దరే జడ్జిలు, జస్టిస్ రోహింటన్ నారిమన్, మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. తీర్పు వచ్చాక కూడా పోలీసు స్టేషన్లలో ఆ సెక్షన్ కింద కేసులు రాస్తూనే వచ్చారు. ఇకపై దాని కింద ఎవరినీ విచారించరాదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. తీర్పు గెలవడం ఒక పని. ఆ తీర్పు కాగితం కింది స్టేషన్ వరకు చేరడం ఇంకో పని. రెండో పనికి మనుషులు తక్కువ.

పై చదువుకు నెదర్లాండ్స్ వెళ్లాక సామీ బెన్ ఘర్బియా గురించి విన్నాను. ట్యునీషియా దేశస్థుడు. 1998లో తన దేశం నుంచి తప్పించుకుని, చివరికి నెదర్లాండ్స్ చేరి శరణార్థిగా పదేళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. అప్పుడు ట్యునీషియాను ఏలుతున్నది బెన్ అలీ. అక్కడ ఏదైనా వెబ్‌సైటు ఆపేస్తే, ఆపేశామని చెప్పేవారు కాదు. పేజీ దొరకలేదన్నట్టు '404' అనే తప్పుడు సందేశం చూపించేవారు. జనం ఆ కనిపించని సెన్సారు అధికారికి 'అమ్మార్ 404' అని పేరు పెట్టుకున్నారు. సామీ 2004లో మిత్రులతో కలిసి 'నవాత్' అనే సైటు మొదలుపెట్టాడు. దాన్ని ట్యునీషియాలో బ్లాక్ చేశారు. ఆయన దేశంలోని జైళ్లను ఒక మ్యాపు మీద గుర్తించి, ఏ జైల్లో ఏ రాజకీయ ఖైదీ ఉన్నాడో చూపించాడు. నవాత్ మిత్రుల్లో ఒకరు 2007లో ఇంకో పని చేశారు. యూరప్ విమానాశ్రయాల దగ్గర సరదాగా విమానాల ఫొటోలు తీసేవాళ్లుంటారు. ఆ ఫొటోల్లో అధ్యక్షుడి విమానం ఏ తేదీన ఎక్కడుందో ఏరి, ఆ తేదీల్లో ఆయన అధికారికంగా ఏ దేశానికీ వెళ్లలేదని పక్కన పెట్టి, ప్రభుత్వ విమానాన్ని సొంత పనులకు వాడుతున్నారని చూపించారు. 2011 జనవరి 13 రాత్రి బెన్ అలీ టీవీలో సెన్సారు ఎత్తేస్తున్నట్టు ప్రకటించాడు, మర్నాడే దేశం విడిచి పారిపోయాడు. ఆ ఏడాదే సామీ తన దేశానికి తిరిగి వెళ్లాడు.

ఆయన పరిస్థితి వేరు, నా పరిస్థితి వేరు. నేను చదువుకోవడానికి వీసా మీద వెళ్లిన దాన్ని, టికెట్టు కొనుక్కుంటే ఇంటికి రాగలను. కానీ ఆ జైళ్ల మ్యాపు, ఆ విమానాల తేదీలు చూసినప్పుడు నాన్న అడిగే మూడు ప్రశ్నలే గుర్తొచ్చాయి. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో. దూరంగా ఉన్నవాళ్లు చేయగలిగే గట్టి పని ఇదే అనిపించింది. ఊళ్లో ఉన్నవాళ్లు చూసిన సంగతులను పోకుండా, తేదీతో సహా, ఎవరూ కాదనలేని విధంగా నిలబెట్టడం. అప్పటి నుంచి అదే పని చేస్తున్నాను.

ఇంటర్నెట్ నిలిపివేతల్లో మన దేశం ప్రపంచంలో ముందు వరసలో ఉంది. యాక్సెస్ నౌ అనే సంస్థ లెక్క ప్రకారం 2024లో మయన్మార్‌లో 85 సార్లు, భారత్‌లో 84 సార్లు ఆపారు. అప్పుడు మయన్మార్‌లో ఉన్నది సైనిక పాలన, మనది ప్రజాస్వామ్యం. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఇంకా బాధ కలిగించేది 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం రాసిన విషయం. దేశంలో ఎన్నిసార్లు, ఎక్కడ, ఎందుకు ఇంటర్నెట్ ఆపారో కేంద్రం దగ్గర రికార్డే లేదని ఆ సంఘం తేల్చింది. బయటి సంస్థలు పేపర్లు చూసి లెక్కపెడుతున్నాయి, ప్రభుత్వం లెక్కపెట్టడం లేదు.

ఇక ఇంటి సంగతి. 2025 అక్టోబరులో దుర్గా విగ్రహాల నిమజ్జనం దగ్గర మొదలైన గొడవల తర్వాత కటక్‌లో ఇంటర్నెట్ ఆపారు, తర్వాత పొడిగించారు. అప్పుడు మా బాబాయి అక్కడ ఆసుపత్రిలో ఉన్నారు. పెద్ద వైద్యం కావాలంటే మా వైపు వాళ్లు బరంపురమో, కటకో, విశాఖో వెళ్లాలి. తోడుగా ఉన్నది మా పిన్ని కొడుకు. జేబులో నోట్లు పెట్టుకునే అలవాటు లేని వయసు వాడిది. మందుల షాపులో క్యూఆర్ కోడ్ ఉంది, డేటా లేదు. ఫోన్ కాల్ మాత్రం వెళ్తోంది. వాడు పర్లాకిమిడికి ఫోన్ చేశాడు, నాన్న నాకు చేశారు. ఇంటర్నెట్ లేకుండా స్టార్ 99 హ్యాష్ నొక్కి డబ్బు పంపే పద్ధతి ఒకటుంది, అది చెప్పాను. షాపు ఆయన అది ఎప్పుడూ చూడలేదు, ఒప్పుకోలేదు. చివరికి లాడ్జిలో దిగిన ఒక తెలుగు కుటుంబం వాళ్లు, టెక్కలి నుంచి వచ్చినవాళ్లు, చేతిలో ఉన్న నగదు ఇచ్చి ఆదుకున్నారు. బాబాయికి నయమైంది. కానీ ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

డిసెంబరులో మల్కన్‌గిరి జిల్లాలో హింస జరిగినప్పుడు అక్కడా ఇంటర్నెట్ ఆపారు. అక్కడున్న మా మావయ్య ఫోన్ చేసి అడిగిన మాట నన్ను వదల్లేదు. "ఎప్పటిదాకా ఉండదేటి పాపా? ఎవరు చెప్పాల మాకు?" ఉత్తర్వు ఇంటర్నెట్‌లో పెట్టారు. అది నేను నెదర్లాండ్స్‌లో కూర్చుని చదివాను, మావయ్యకు ఫోన్లో చదివి వినిపించాను. ఆ ఉత్తర్వు ఎవరి మీద అమలవుతోందో వాళ్లకు తప్ప ప్రపంచంలో అందరికీ అది కనిపిస్తోంది.

చట్టం ఏం చెబుతుందో ఇక్కడ చెప్పాలి. 2017లో టెలిగ్రాఫ్ చట్టం కింద ఇంటర్నెట్ నిలిపివేతకు నియమాలు తెచ్చారు. మామూలుగా రాష్ట్ర హోం కార్యదర్శి స్థాయి అధికారే ఉత్తర్వు ఇవ్వాలి, కారణాలు రాయాలి. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే సమీక్ష సంఘం అయిదు పనిదినాల్లో కూర్చుని అది సబబో కాదో తేల్చాలి. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కించింది. ఉత్తర్వులను ప్రచురించి తీరాలని, గడువు లేకుండా ఆపడం కుదరదని, అవసరానికి మించి ఆపకూడదని చెప్పింది. తీర్పు రాసింది జస్టిస్ ఎన్.వి. రమణ, ఆయనా కృష్ణా జిల్లా వారే. ఆ ఏడాదే ఒక ఉత్తర్వు 15 రోజులకు మించి నడవకూడదని సవరణ వచ్చింది. 2024 నవంబరులో కొత్త టెలికాం చట్టం కింద కొత్త నియమాలు వచ్చాయి, సమీక్ష సంఘం వాటిలోనూ ఉంది. అంటే ప్రతి నిలిపివేతకూ కనీసం రెండు కాగితాలు ఉండాలి. ఉత్తర్వు ఒకటి, దాన్ని పరిశీలించి సంఘం రాసింది ఒకటి. మొదటిది అప్పుడప్పుడు కనిపిస్తుంది. రెండోది మా వైపు చూసినవాళ్లు నాకు తగల్లేదు. అదే అడగాలనుకున్నాను.

జనవరిలో ఇంటికి వచ్చాను. నా పాస్‌పోర్టు ఇండియాదే కాబట్టి సమాచార హక్కు నాకుంది. చట్టం ఆ హక్కును పౌరులకే ఇచ్చింది. విదేశీ పౌరసత్వం తీసుకుని, వీసా బదులు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డుతో వచ్చేవాళ్లు ఈ అర్జీ పెట్టలేరు. విదేశాల్లో ఉంటున్న మనవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఎవరి పేరు మీద పెట్టాలన్నది ఇంట్లో పెద్ద చర్చే అయింది. నాన్న తన పేరు మీద పెడతానన్నారు. ఇక్కడ ఉండేది తనే, ఇబ్బంది పడేది ఇక్కడి వాళ్లే అన్నది ఆయన వాదన. అమ్మ ఇద్దరిదీ వద్దంది. "ఊరికే ఎందుకమ్మా? రేపు ఎయిర్‌పోర్టులో ఆపేస్తే ఏటి చేస్తావు?" అంది. అమ్మ భయం గాలిలోంచి పుట్టింది కాదు. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో పనిచేసే, ప్రభుత్వాన్ని విమర్శించే ఒడిశా ప్రొఫెసర్ అశోక్ స్వాయిన్ ఓసీఐ కార్డును కేంద్రం 2022లో రద్దు చేసింది. ఢిల్లీ హైకోర్టు 2023లో ఆ ఉత్తర్వు కొట్టేస్తే, మళ్లీ రద్దు చేశారు. 2025లో కోర్టు దాన్నీ కొట్టేసింది. ఒడియా పేపర్లలో ఇదంతా అమ్మ చదివింది. నేను చెప్పింది ఒకటే. నేను అడుగుతున్నది చట్టం ఇవ్వమన్న కాగితం. నాకు ఏదైనా అయితే మాట్లాడేవాళ్లు అక్కడా ఇక్కడా ఉన్నారు, నాన్నకు ఆ అండ లేదు. కాబట్టి సంతకం నాది, చిరునామా పర్లాకిమిడి ఇంటిది, వెంట నాన్న. అమ్మ ఒప్పుకోలేదు కానీ ఆపలేదు. ఆ పూట వంట చేస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. బయట కూర్చుని ధైర్యంగా మాట్లాడే మాలాంటి వాళ్లు ఇంట్లో వాళ్ల మీద పడే ఈ బరువును ఎప్పుడూ లెక్కలోకి తీసుకోవాలి.

ఒడిశాలో అర్జీ తెల్లకాగితం మీద రాసి ఇస్తే తీసుకోరు. ఫారం-ఏ నింపాలి, పౌరసత్వానికి రుజువు జత చేయాలి. పది రూపాయల ఫీజును కోర్టు ఫీ స్టాంపుగా అంటించవచ్చు. కోర్టు దగ్గర స్టాంపు వెండరు దగ్గర కొన్నాం. ప్రశ్నలు రాయడానికి మాత్రం చాలాసేపు పట్టింది. 'ఎందుకు ఆపారు', 'ఇది న్యాయమా' లాంటివి రాస్తే ఆ చట్టం కింద జవాబు రాదు. ఆఫీసులో ఉన్న కాగితాన్ని గుర్తుపట్టి, దాని నకలు అడగాలి. నాన్న ఒక్కో వాక్యం చదివి, "ఇందులో కాగితం ఏది?" అని అడిగేవారు. కాగితం లేని వాక్యాలన్నీ కొట్టేశాం. చివరికి మిగిలినవి ఇవి. దక్షిణ ఒడిశా జిల్లాలకు గత అయిదేళ్లలో ఇచ్చిన ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వుల నకళ్లు. ఒక్కో ఉత్తర్వు మీద సమీక్ష సంఘం ఏ తేదీన కూర్చుంది, ఏం తేల్చింది. సేవలు తిరిగి ఇమ్మని టెలికాం కంపెనీలకు పంపిన లేఖల నకళ్లు. నాలుగోది మావయ్య ప్రశ్న. ఇంటర్నెట్ లేని కాలంలో ఆ ప్రాంతం జనానికి ఉత్తర్వును ఎక్కడ, ఏ రూపంలో తెలియజేశారో చూపే రికార్డు.

ఏ ఆఫీసులో ఇచ్చామో రాయడం లేదు, అప్పీలు ఇంకా నడుస్తోంది కాబట్టి. కౌంటరు దగ్గర ఉద్యోగి ఫారం తిప్పి తిప్పి చూసి, ఇవన్నీ ఎందుకు, ఎక్కడ పని చేస్తారు అని ఒడియాలో అడిగాడు. నాన్న నిదానంగా చట్టం పుస్తకం తీసి ఆరో సెక్షన్‌లోని రెండో క్లాజు చూపించారు. అర్జీదారు కారణం చెప్పనవసరం లేదని అక్కడ స్పష్టంగా ఉంది. ఆయన లోపలికి వెళ్లి పై అధికారితో మాట్లాడి వచ్చాడు. చాలాసేపు నిలబెట్టాడు. నాన్న వయసుకైనా కుర్చీ చూపిస్తాడేమో అనుకున్నాను, చూపించలేదు. కోపం వచ్చింది. కానీ నాన్న నా చెయ్యి పట్టుకుని ఉన్నారు. చివరికి ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. రసీదు మీద తేదీ ఉందో లేదో నాన్న అక్కడే నిలబడి చూసుకున్నారు. ముప్పై రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.

ఆ రోజుల్లోనే నా అసలు ఉద్యోగం పని కొంచెం ఊళ్లోనూ చేశాను. ఊని ప్రోబ్ అని ఉచిత యాప్ ఒకటి ఉంది. ఫోన్లో పెట్టుకుంటే ఏ వెబ్‌సైట్లు మన నెట్‌వర్క్ మీద తెరుచుకోవడం లేదో, ఎక్కడ అడ్డుపడుతోందో పరీక్షించి అందరూ చూసేలా రికార్డు చేస్తుంది. మా వీధి కుర్రాళ్లు తమ తమ సిమ్‌లతో నడిపి చూశారు. ఒక కంపెనీ సిమ్‌లో ఆగిన సైటు ఇంకో కంపెనీ సిమ్‌లో వచ్చింది. ఇది మా ఊరి వింత కాదు, దేశమంతటా పరిశోధకులు గమనించిందే. ఆపమన్న ఉత్తర్వులు 2009 నాటి బ్లాకింగ్ నియమాల కింద రహస్యంగా ఉంటాయి, ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా అమలు చేస్తుంది. సరిహద్దులో ఇంకో సంగతి కూడా ఉంది. ఒడిశా, ఆంధ్రా వేరు వేరు టెలికాం సర్కిళ్లు. ఊరి చివర నిలబడితే ఫోను అవతలి టవరు పట్టుకుంటుంది. ఒడిశా ఉత్తర్వు ఒడిశా టవర్ల వరకే. ఇక్కడ ఎప్పుడైనా నెట్ ఆపితే బండి ఉన్నవాడు పాతపట్నం వెళ్లి పని చూసుకు రాగలడు. కొండ మీది సవర ఊళ్లలో ఉన్నవాళ్లు వెళ్లలేరు. దెబ్బ ఎవరి మీద పడుతుందో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

నేను తిరిగి వెళ్లిపోయిన తర్వాత ఇంటికి మొదటి ఉత్తరం వచ్చింది. అర్జీని ఆరో సెక్షన్ మూడో క్లాజు కింద సంబంధిత కార్యాలయానికి పంపామని. అది సక్రమమే, చట్టం అలాగే చెబుతుంది. తర్వాత చాలా రోజులు ఏమీ లేదు. గడువు దాటింది. నాన్న ప్రతి రోజూ పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు అరుగు మీద కూర్చునేవారని అమ్మ ఫోన్లో చెప్పింది. ఫారం-బి వచ్చింది చివరికి. పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టమని. నాన్న వెళ్లి కట్టి వచ్చారు. కాగితాలు వచ్చిన రోజు ఒక్కో పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. మసకగా వచ్చిన పేజీ మళ్లీ తీసి పంపారు.

ఉత్తర్వుల నకళ్లు ఇచ్చారు. నాకు అందిన వాటిలో కారణాలు రాసిన పేరా ఒకదానిలో ఉన్నట్టే ఇంకోదానిలో ఉంది, ఊరి పేరు, తేదీలు మారాయి. సమీక్ష సంఘం గురించి ఎనిమిదో సెక్షన్‌లోని భద్రత క్లాజు కింద ఇవ్వలేమని ఒక్క వాక్యం. నాలుగో ప్రశ్నకు, అటువంటి సమాచారం ఈ కార్యాలయంలో లేదని. నాన్నకు ఆ నాలుగో జవాబు చాలా విలువైనదిగా తోచింది. "లేదని రాసి ఇచ్చారు చూడు, అది కూడా కాగితమే" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. జనానికి ఎలా తెలియజేశారో ఎక్కడా రాసి లేదన్న సంగతి ఇప్పుడు ముద్రతో, సంతకంతో మా చేతిలో ఉంది.

మొదటి అప్పీలుకు ముప్పై రోజుల గడువు. ఫారం-డి, ఇరవై రూపాయల స్టాంపు. అందులో మేము గట్టిగా పట్టుకున్నవి రెండు వాదనలు. సమాచారం నిరాకరిస్తే ఎందుకు నిరాకరిస్తున్నారో కారణం రాయాలి, సెక్షన్ పేరు ఒక్కటి రాస్తే సరిపోదు. ఇవ్వకూడని భాగం ఉంటే దాన్ని మూసేసి మిగతాది ఇవ్వాలని పదో సెక్షన్ చెబుతోంది. సంఘం ఏ రోజు కూర్చుందో చెబితే దేశ భద్రతకు ఏం నష్టమని అడిగాం. నేను అక్కడ సంతకం చేసి కొరియర్‌లో పంపితే, నాన్న ఇక్కడ దాఖలు చేశారు. విచారణకు నా తరఫున అధికార పత్రం పట్టుకుని నాన్నే వెళ్లారు. మంచి ఎండల్లో. వెళ్లొచ్చాక ఫోన్ చేసి, ఆ అధికారి మర్యాదగా విన్నాడని, కూర్చోమన్నాడని చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు నాన్న గొంతులో ఉన్న సంతోషం నాకు ఇంకా వినిపిస్తోంది.

అప్పీలు ఉత్తర్వుతో కొంత దొరికింది. కొన్ని నిలిపివేతల మీద సంఘం కూర్చున్న తేదీలు ఇచ్చారు. మిగతావాటికి ఇవ్వలేదు, సంఘం ఏం తేల్చిందన్నది దేనికీ ఇవ్వలేదు. ఇచ్చిన తేదీలను ఉత్తర్వుల తేదీల పక్కన పెట్టి ఒక పట్టిక చేశాను. అయిదు పనిదినాల నియమం ఎక్కడ పాటించారో ఎక్కడ దాటిందో అందులో ఎవరైనా చూసుకోవచ్చు. అది ఇప్పుడు నా దగ్గరా, నాన్న దగ్గరా, ఊళ్లో ఇద్దరు వకీళ్ల దగ్గరా ఉంది.

తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పెట్టాం, ఫారం-ఈ, పాతిక రూపాయల స్టాంపు. అందులో మావయ్య ప్రశ్నను అభ్యర్థనగా మార్చాను. ఫలానా సమాచారాన్ని ప్రచురించమని ప్రభుత్వ కార్యాలయాన్ని ఆదేశించే అధికారం పంతొమ్మిదో సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. కాబట్టి ఇంటర్నెట్ ఆపిన గంటల్లోనే ఉత్తర్వు నకలును పంచాయతీ ఆఫీసు, పోస్టాఫీసు, ఆసుపత్రి, రైల్వే స్టేషన్ గోడల మీద అంటించమని, సరిహద్దు జిల్లాల్లో తెలుగులోనూ అంటించమని ఆదేశించాలని కోరాను. ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, ఎవరి సంతకంతో అన్నది పెద్ద అక్షరాల్లో ఉండాలని రాశాను.

విచారణ తేదీ ఇంకా రాలేదు. ఈలోపు కాశీనగర్ నుంచి ఒక టీచరు, గుణుపూర్ నుంచి ఒక మందుల షాపు ఆయన నాన్న దగ్గరికి వచ్చి మా ఫారాల నకళ్లు పట్టుకెళ్లారు. మందుల షాపు ఆయన అడుగుతున్నది వేరే. నెట్ ఆపినప్పుడు ఆసుపత్రులకు, మందుల షాపులకు ఏదైనా మినహాయింపు ఇచ్చారా, ఇస్తే ఆ లేఖ నకలు కావాలని. మంచి ప్రశ్న, కాగితం ఉన్న ప్రశ్న. ఫారం నింపడానికి వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నాడట.